చక్రం చేజారే చోటు: ఒక రోడ్డు రేసర్‌కు పద్నాలుగు వారాల వేగ శిక్షణ

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం, హైదరాబాద్ పడమటి శివార్లలో జరిగిన సైకిల్ రేసులో ఎనిమిదో ల్యాపు చివరి మలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఒక్కో ల్యాపు 2.8 కిలోమీటర్లు, నాలుగు మలుపులు, మొత్తం 15 ల్యాపులు. గుంపులో ముప్పై మంది దాకా ఉన్నారు. నేను చూడవచ్చిన కుర్రాడు చివరి నుంచి మూడోవాడు. మలుపు తిరిగి బయటికి వచ్చేసరికి ముందువాడి వెనక చక్రానికీ ఇతని ముందు చక్రానికీ మధ్య ఒక సైకిల్ పట్టేంత ఖాళీ ఏర్పడింది. సీటు మీద నుంచి లేచి, ఒళ్లంతా ఊపుతూ తొక్కాడు. ఖాళీ తగ్గలేదు, రెండు సైకిళ్లంత అయింది. తర్వాతి మలుపు దగ్గరికి అది యాభై మీటర్లు. 31వ నిమిషంలో అతని రేసు అయిపోయింది.

తర్వాత నీళ్ల సీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఒక మాట అన్నాడు. "సార్, కాళ్లలో ఇంకా సత్తువ ఉంది. ఊపిరీ సరిపోతోంది. చక్రమే అందలేదు."

ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రేసులో వెనకబడినవాళ్లు సాధారణంగా "ఇంకా బలం పెంచుకోవాలి సార్" అంటారు. ఇతను తన జబ్బు పేరు తానే చెప్పాడు: ముందువాడి చక్రానికి అతుక్కుని, అతని గాలి చాటున ఉండలేకపోవడం. ఆ తర్వాతి పద్నాలుగు వారాలు మేము చేసిన పనంతా ఆ ఒక్క వాక్యానికి జవాబు వెతకడమే. అతని అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను, పేరు మాత్రం రాయడం లేదు.

వయసు 23. ఎత్తు 174 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. లంగర్‌హౌస్‌లో ఇల్లు. మధ్యాహ్నం నుంచి రాత్రి పదిన్నర వరకు మందుల దుకాణంలో పని, మంగళవారం సెలవు. సైకిల్ ఎక్కింది బ్రెవేల కోసం, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరప్రయాణాల కోసం. నాలుగేళ్లలో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలన్నీ పూర్తి చేశాడు. 200 కిలోమీటర్ల బ్రెవేకు పదమూడున్నర గంటల గడువు ఉంటుంది, 600కు 40 గంటలు. అక్కడ కావలసింది ఒకే తీరున, తెల్లవార్లూ ఆగకుండా తొక్కగల ఓపిక. మన నగరంలో సైక్లింగ్ పెరిగిందే ఈ దారిలో కాబట్టి ఇక్కడ ఓపికకు కొరత లేదు. నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది ఇదే అచ్చు: గంటల తరబడి తొక్కగలరు, పది సెకన్లలో వేగం మార్చమంటే తడబడతారు.

మొదటి వారం పరీక్షల్లో తేలినవి ఇవి. గంటసేపు నిలబెట్టగల శక్తి, అంటే అతని త్రెషోల్డ్, 255 వాట్లు. ఐదు నిమిషాలకు 312, ఒక నిమిషానికి 445, ఐదు సెకన్ల గరిష్ఠం 870. వీటితో పాటు నేను సొంతంగా వాడే పరీక్ష ఒకటి ఉంది. పదిహేను సెకన్లు పూర్తి బలంతో తొక్కాలి, నలభై ఐదు సెకన్లు తేలికగా తొక్కాలి. ఇలా పన్నెండు సార్లు. మొదటిసారి సగటు 640 వాట్లు వచ్చింది. పన్నెండోసారి 470. అంటే 27 శాతం పడిపోయింది. రోడ్డు రేసుకు సంబంధించినంత వరకు ఈ పడిపోవడమే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అంకె.

ఇక రేసు ఫైలు. తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటర్ సెకను సెకనుకూ రాసిపెట్టిన ఆ 31 నిమిషాలను నేను రెండు రాత్రులు కూర్చుని చదివాను. సగటు శక్తి 214 వాట్లు. త్రెషోల్డ్ 255 ఉన్నవాడు 214 సగటుతో అరగంటలో ఎలా కూలిపోతాడు? సగటు చూసి ఊరుకుంటే దీనికి జవాబు దొరకదు. ఆ సమయంలో 22 శాతం అతను అసలు పెడల్ తొక్కనేలేదు, సైకిల్ దానంతటది దొర్లింది. మరోవైపు 500 వాట్లు దాటిన సందర్భాలు 64. ఎనిమిది ల్యాపుల్లో మలుపులు 32. మలుపుకు రెండేసి! మొదటిది మలుపు నుంచి బయటపడడానికి, అది అందరికీ తప్పదు. రెండోది, అప్పటికే ఏర్పడిన ఖాళీని పూడ్చుకోవడానికి. ఆ రెండో దెబ్బ అతను తనకు తాను వేసుకుంటున్నది.

ఒక మలుపును దగ్గరగా చూద్దాం. అతను మలుపు నుంచి బయటికి వచ్చే వేగం గంటకు 29 కిలోమీటర్లు. గేరు ముందు 53 పళ్లు, వెనక 14. ఆ గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 8 మీటర్లు పోతుంది. కాబట్టి 29 వేగంలో కాళ్లు నిమిషానికి 61 చుట్లే తిరుగుతున్నాయి. గుంపు మాత్రం 45కు పోతోంది. 61 చుట్ల దగ్గర అంత బరువైన గేరును లేపడమంటే, నిండు బస్సును టాప్ గేరులో కదిలించడం వంటిది. ఇంజను ఉంది, పట్టు దొరకదు. అదే వెనక 17 పళ్లున్న తేలిక గేరులో ఉండి ఉంటే 74 చుట్లతో మొదలయ్యేవాడు.

మలుపులో పోగొట్టుకున్న వేగానికి ఖరీదు కట్టవచ్చు. మనిషి, సైకిల్ కలిపి 75 కిలోలు. 29 నుంచి 45కు రావాలంటే గాలిని పక్కన పెట్టినా దాదాపు 3,425 జౌళ్లు ఖర్చు. అదే మలుపును 33 వేగంతో దాటితే 2,700 జౌళ్లు చాలు. ఐదో వంతు పైగా మిగులుతుంది. నాలుగు కిలోమీటర్ల తేడా కోసం కండ పెంచనక్కరలేదు. బ్రేకు కొంచెం ముందు వేసి, కొంచెం ముందు వదిలితే చాలు.

గాలి సంగతి ఇంకా కఠినం. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావలసిన శక్తి దాని ఘనంతో పెరుగుతుంది. అతని శరీర భంగిమను బట్టి నేను వేసిన లెక్కలో చదును రోడ్డు మీద ఒంటరిగా 36 కిలోమీటర్ల వేగానికి 220 వాట్లు, 40కి 290, 45కి 400 కావాలి. ఐదు నిమిషాలకు 312 వాట్లు ఇవ్వగలవాడికి 400 అంటే రెండు నిమిషాల లోపే ఆయుష్షు. చక్రం వెనక ఉన్నంతసేపే అతను ఆ వేగంలో బతకగలడు. గుంపు మధ్యలో గాలి ఎంత తగ్గుతుందో గాలి ప్రవాహాల పరిశోధకుడు బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది రైడర్ల గుంపు మీద లెక్క కట్టి చూపించింది. లోపల నడుమ ఉన్నవాడి మీద పడే గాలి ఒత్తిడి, ఒంటరివాడి మీద పడేదానిలో 5 నుంచి 10 శాతం దాకా పడిపోగలదు. గుంపు తోకలో కూడా గాలి తక్కువే. కానీ అక్కడ ఇంకో కష్టం ఉంది. ముందున్నవాళ్లు మలుపులో కాస్త నెమ్మదించగానే వెనకవాళ్లు ఒకరి మీదికొకరు వచ్చి బ్రేకులు నొక్కుతారు, ముందున్నవాళ్లు బయటికి దూకేసరికి వెనకవాళ్లు ఇంకా మలుపులోనే ఉంటారు. మధ్యలో వరుస రబ్బరులా సాగుతుంది. మా కుర్రాడు 31 నిమిషాలూ ఆ రబ్బరు చివరనే గడిపాడు.

ఇప్పుడు వృత్తి రేసర్ల మాట. 2024లో మాథ్యూ వాన్ డర్ పూల్ గెలిచిన పారిస్–రూబే రేసు దాదాపు 260 కిలోమీటర్లు. మధ్యలో రాళ్లు పరిచిన బాటలు ఉన్నా సగటు వేగం గంటకు 47 కిలోమీటర్లు దాటింది. ఆ అంకెలు చూసి మన కుర్రాళ్లు రోజూ గుండె అదిరేలా తొక్కితే అలా అవుతామనుకుంటారు. నిజానికి వాళ్లు వారానికి 20 నుంచి 30 గంటలు తొక్కుతారు, అందులో ఎక్కువ భాగం మాట్లాడుకుంటూ పోగలిగినంత తేలిక. వేగం పని కొద్దిసేపే, కానీ అది కత్తిలా ఉంటుంది: చిన్న చిన్న విరామాలతో తీవ్రమైన తొక్కుడు, తేలిక గేరులో వేగంగా కాళ్లు తిప్పడం, ఆగినంత నెమ్మది నుంచి ఎత్తుకోవడం, స్కూటర్ వెనక తొక్కడం. మా కుర్రాడికి వారంలో దొరికేది తొమ్మిది గంటలు. వాళ్ల గంటలను అరువు తెచ్చుకోలేం. వాళ్లు పాటించే వరుసను తెచ్చుకోగలం అని నిర్ణయించుకున్నాను. స్కూటర్ వెనక తొక్కించడం అందరికీ ఆశగా ఉంటుంది, నేను దాన్ని చివరికి పెట్టాను. గేరు ఎంచుకోవడం, కాళ్లు తిప్పడం, మలుపు తీయడం రానివాణ్ని 45 వేగంలో మోటారు వెనక పెట్టడం ప్రమాదం, పైగా వృథా.

మొదటి నాలుగు వారాలు కాళ్లకు వేగం నేర్పడం. అవుటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబర్‌లో మొదలైన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒక పాయ, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఇంకో పాయ. తెల్లవారుజామున ఐదింటికి అక్కడికి వెళ్లేవాళ్లం. పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాల్లో చిన్నది వేసి, తేలిక గేరులో నిమిషానికి 105 నుంచి 110 చుట్లు, ఐదేసి నిమిషాలు, ఆరుసార్లు. నాడి పెరగకూడదు, సైకిల్ వేగం పాతిక, ముప్పై మించకూడదు. అక్కడ పిల్లలు, పెద్దవాళ్లు కూడా తొక్కుతారు. ఆ ట్రాకు మీద రేసు వేగం చేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అది అందరి ట్రాకు.

రెండో రోజు అతని వెనక తొక్కుతూ ఒక విషయం గమనించాను. 95 చుట్ల వరకు నడుము నిలకడగా ఉంది. 100 దాటగానే నిక్కరు వెనక కుట్టు సీటు మీద కుడికి ఎడమకు జరగడం మొదలైంది. 105 దగ్గర సీటు మీద ఎగిరెగిరి పడుతున్నాడు. ఆపి సీటు చూశాను. ఎడమ అంచున నల్లని పూత అరిగి తెల్లబడి ఉంది, కుడి అంచు కొత్తగా ఉంది. నాలుగేళ్లుగా ఎడమ కాలు పెడల్ అడుగుకు చేరడానికి సాగుతోందన్నమాట. నెమ్మదిగా తొక్కే బ్రెవేల్లో శరీరం సర్దుకుపోయింది, వేగం పెరిగేసరికి దాపరికం బయటపడింది. సీటు 6 మిల్లీమీటర్లు దించాను. రెండు మిల్లీమీటర్ల చొప్పున మూడు వారాల్లో. ఒక్కసారిగా దించితే మోకాలు ఒప్పుకోదు. నాలుగో వారం చివరికి 115 చుట్ల దగ్గర కూడా కుట్టు కదలలేదు. ఈ ఒక్క సవరణ చేయకుండా ముందుకు వెళ్లి ఉంటే మిగతాదంతా పగులు మీద వేసిన సున్నమే అయ్యేది.

మూడో వారం నుంచి తీవ్రమైన పని మొదలైంది. నార్వేకు చెందిన బెంట్ రోన్నెస్టాడ్ బృందం అధ్యయనాల వల్ల పేరొచ్చిన పద్ధతి ఇది: 30 సెకన్లు గట్టిగా, 15 సెకన్లు సగం బలంతో. ఇలా పదమూడు కలిపితే ఒక వరుస, మూడు వరుసలు, మధ్యలో మూడు నిమిషాలు విరామం. 2015లో వాళ్లు దీన్ని ఐదేసి నిమిషాల పాత పద్ధతితో, కష్టం సమానంగా ఉండేలా చూసుకుని పోల్చారు. శిక్షణ పొందిన సైక్లిస్టుల్లో చిన్న విరామాల పద్ధతికే ఎక్కువ ఫలితం కనిపించింది. ఇందులో కీలకం ఆ 15 సెకన్లే. గుండె, ఊపిరి కిందికి దిగేలోపే మళ్లీ మొదలవుతుంది కాబట్టి శరీరం చాలాసేపు తన గరిష్ఠానికి దగ్గరలో ఉండిపోతుంది, కాళ్లు మాత్రం మధ్యమధ్య తేరుకుంటాయి. నాకు ఇంకో కారణం కూడా ఉంది. గుంపు రేసులో మలుపు నుంచి మలుపుకు పడే తాళం అచ్చం ఇదే. గట్టిగా తొక్కు, కాస్త తీసుకో, మళ్లీ తొక్కు.

ఇది రోడ్డు మీద కుదరదు. మన రోడ్ల మీద 30 సెకన్లు కళ్లు మూసుకుపోయేలా తొక్కితే ఏదో ఒక ఆటో ఎదురవుతుంది. అతని ఇంటి డాబా మీద ట్రైనర్‌కు, అంటే సైకిల్‌ను ఉన్నచోటే నిలబెట్టి తొక్కే పరికరానికి, సైకిల్ బిగించాం. 30 సెకన్లకు 320 వాట్లు, 15 సెకన్లకు 160. మొదటి రోజు మొదటి వరుసలో తొమ్మిదోది అందుకునేసరికి అంకె 290కి జారింది. రెండో వరుసతో ఆపేశాను. మూడు వరుసలు నిండుగా చేయడానికి అతనికి మూడు వారాలు పట్టింది.

ఏప్రిల్‌లో డాబా సిమెంటు తెల్లవారుజామున కూడా వేడి వదులుతూనే ఉంటుంది. రెండు ఫ్యాన్లు పెట్టాం. తొక్కే ముందూ తొక్కాకా తువ్వాలుతో తుడిచి బరువు చూస్తే గంటలో 1.1 కిలోలు తగ్గాడు, అది కూడా 600 మిల్లీలీటర్లు తాగాక. మర్నాటి నుంచి ఒక లీటరు ఓఆర్ఎస్ నీళ్లు తొక్కేటప్పుడే, దిగాక వాళ్లమ్మ చేసిన ఉప్పు మజ్జిగ. చివరి వరుసలో అంకె జారడం దాంతోనే సగానికి తగ్గింది. ఎండకాలంలో మన దగ్గర శిక్షణ చెడేది చాలావరకు ఇలా నీళ్ల దగ్గరే. దాన్ని బద్ధకమనుకుని కుర్రాళ్లను తిట్టేవాళ్లను చూశాను.

మలుపుల కోసం శంకర్‌పల్లి వైపు ఒక వెంచర్ దొరికింది. ప్లాట్లన్నీ ఖాళీ, తారు రోడ్డు మాత్రం నున్నగా వేసి ఉంది. యజమానిని అడిగితే ఉదయం ఏడింటి వరకు గేటు మూసి వాడుకోమన్నారు. చుట్టు 1.8 కిలోమీటర్లు, రెండు పొడవాటి నేరు రోడ్లు, రెండు చివరలా ఇరుకైన మలుపులు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాకు, ఉంది కదా అని అడిగారు కొందరు. 2002 జాతీయ క్రీడల కోసం కట్టినది, మోటారు వెనక తొక్కడానికి వెలోడ్రోమ్‌ను మించిన చోటు లేదు కూడా. కానీ మా సమస్య మలుపులో బ్రేకు వేసి మళ్లీ లేవడం. వాలుగా కట్టిన వెలోడ్రోమ్‌లో ఆ అవసరమే రాదు.

సుద్దతో రోడ్డు మీద మూడు గీతలు గీశాం. మొదటి గీత దగ్గర గేరు మార్చాలి. రెండో గీతకు బ్రేకు పూర్తిగా వదిలేయాలి. మూడోది, కళ్లు అప్పటికే మలుపు అవతల చూడాల్సిన చోటు. అతను గేరు మాట ప్రతిసారీ మరిచిపోయేవాడు. హ్యాండిల్ మీద తెల్ల టేపు అంటించి "గేరు ముందే" అని నల్ల పెన్నుతో రాశాను. ఆ టేపు పద్నాలుగో వారం దాకా అలాగే ఉంది, అక్షరాలు చెమటకు చెదిరిపోయినా.

ఏడో వారంలో మోటారు వచ్చింది. యూరప్‌లో దీనికి డెర్నీ అనే చిన్న బండి ఉంటుంది, మోటారూ పెడళ్లూ రెండూ ఉన్నది. రోడ్డు జట్లు స్కూటర్ వాడతాయి. ప్రయోజనం ఒకటే: ముందు బండి గాలిని కోస్తుంది కాబట్టి ఒంటరిగా రెండు నిమిషాలు కూడా నిలబెట్టలేని రేసు వేగంలో అరగంట తొక్కవచ్చు. కాళ్లకు, కళ్లకు, చేతులకు ఆ వేగం అలవాటవుతుంది. అయితే దీని ప్రాణమంతా బండి నడిపేవాడి మణికట్టులో ఉంది. థ్రాటిల్ ఒక్కసారి గుంజితే వెనకవాడు రాలిపోతాడు, ఒక్కసారి వదిలితే వచ్చి గుద్దుకుంటాడు.

మాకు దొరికినవాడు అతని మేనమామ. శంకర్‌పల్లి వైపు ఊళ్ల నుంచి మెహదీపట్నానికి ఇరవై ఏళ్లుగా టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద పాలు తెస్తున్నాడు. ఆయన బండి నడపడం ఒకసారి చూశాక నేను ఇంకెవరినీ వెతకలేదు. నిండు క్యాన్లతో వెళ్లేవాడు వేగం పెంచినా తగ్గించినా పాలు తొణకకూడదు. యూరప్ జట్లు స్కూటర్ నడిపేవాడిలో వెతికే గుణం ఆయనకు పాలు నేర్పాయి.

"అల్లుడూ, నువ్వు వెనకాల ఉన్నావో జారిపోయావో నాకెలా తెలియాలి?" అని అడిగాడు మొదటి రోజు.

"పో అంటే పెంచు మామా, హో అంటే తగ్గించు."

ఇంజను చప్పుడులో, గాలిలో పో, హో రెండూ ఒకటే. రెండో చుట్టులోనే తగ్గించమంటే ఆయన పెంచాడు. అప్పటి నుంచి పెంచడానికి "పద" అని గట్టి కేక, తగ్గించడానికి సైకిల్ గంట. రేసు సైకిల్‌కు పిల్లల సైకిల్ గంట బిగించాం. అది ఇప్పటికీ ఉంది.

బండి వెనక, సైకిల్ ముందు చక్రం ఎత్తులో అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, దాని మీద స్వేచ్ఛగా తిరిగే పీవీసీ గొట్టం. చక్రం పొరపాటున తగిలినా గొట్టం తిరిగి వదిలేస్తుంది. వెలోడ్రోమ్‌లో పెద్ద మోటారు సైకిళ్ల వెనక జరిగే పందేల్లోనూ ఇలాంటి రోలరే ఉంటుంది. మామయ్యకు ఒకే ఆజ్ఞ: బ్రేకు ముట్టుకోవద్దు, థ్రాటిల్‌తోనే నడపాలి. గేటు మూసి ఉండాలి, రెండు మలుపుల దగ్గరా ఒక్కొక్క మనిషి ఉండాలి. ఇది చదివి ఎవరైనా బైకు వెనక శంకర్‌పల్లి రోడ్డు మీదో సర్వీసు రోడ్డు మీదో ప్రయత్నించాలనుకుంటే, దయచేసి వద్దు. ముందు బండి తప్ప మరేమీ కనిపించని స్థితిలో ఒక గుంత, ఒక కుక్క చాలు.

మొదట్లో 42 వేగంతో ఆరేసి నిమిషాలు, నాలుగుసార్లు. తర్వాత 45. ఆ వేగంలో ఒంటరిగా 400 వాట్లు కావాలని పైన చెప్పాను. బండి వెనక ఒక మీటరు దూరంలో అతని పవర్ మీటర్ 255 నుంచి 265 వాట్లు చూపించింది. మీటరున్నర అయితే 290. రెండు మీటర్లు దాటితే పట్టుకోవడం కష్టం. ఆ అర మీటరు ధర ఎంతో అతను కళ్లారా చూశాడు. నేను నెలల తరబడి చెప్పినా రాని జ్ఞానం అది.

అసలు పని తొమ్మిదో వారం నుంచి. మలుపుకు ముందు మామయ్య 32కు తగ్గిస్తాడు, తిరగ్గానే తొమ్మిది సెకన్లలో 46కు తీసుకెళ్తాడు. ఎనిమిది చుట్లు, పది నిమిషాలు విరామం, మళ్లీ ఎనిమిది. రేసులో ఎక్కడ చక్రం చేజారిందో సరిగ్గా ఆ చోటునే దాదాపు నలభై నిమిషాల తొక్కుడులో ముప్పై రెండుసార్లు ఎదుర్కోవడం. మొదటి రోజు పదకొండుసార్లు వదిలేశాడు. నేను రెండో మలుపు దగ్గర నిలబడి చూస్తే వదిలేసిన ప్రతిసారీ ఒకటే తప్పు: బండి కదిలాక తొక్కుతున్నాడు. "బండిని చూడకు, మామ భుజాన్ని చూడు" అన్నాను. థ్రాటిల్ తిప్పే ముందు ఆయన కుడి భుజం కాస్త కిందికి దిగుతుంది. ఆ తర్వాతి వారం వదిలేసినవి మూడు. రేసులో కూడా ముందువాడి చక్రాన్ని కాక, అతని ముందున్నవాడి తుంటిని చూడమంటాను. లేవబోయే మనిషి తుంటి ముందు కదులుతుంది.

పదో వారంలో నేను తప్పు చేశాను. బాగా వస్తోందన్న ఉత్సాహంలో మోటారు పని వారానికి రెండుసార్లు పెట్టాను. అదే వారం దుకాణంలో సరుకు లెక్కలు, రాత్రి పన్నెండు దాటేవరకు పని. శుక్రవారం మొదటి ఎనిమిది చుట్లలోనే ఐదుసార్లు వదిలేశాడు. "మనసు పెట్టడం లేదు" అన్నాను, అదీ మామయ్య ముందు. అతను మారు మాట్లాడలేదు. ఆ సాయంత్రం అతని డైరీ చూశాను. ఉదయం లేవగానే నాడి నెలంతా 52 ఉన్నది మూడు రోజులుగా 60. నిద్ర నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఇవన్నీ అతను రోజూ రాస్తున్నాడు, నేను చూడలేదు. మర్నాడు ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆరు రోజులు తేలిక తొక్కుడు తప్ప ఏమీ పెట్టలేదు. ఆ తర్వాత మోటారు పని వారానికి ఒక్కసారి, బుధవారం ఉదయమే. మంగళవారం సెలవు కాబట్టి ఆ రాత్రి ఏడున్నర గంటలు నిద్రపోతాడు. వృత్తి రేసర్లకూ మనకూ ఉన్న పెద్ద తేడా సైకిల్ ఖరీదులో లేదు. వాళ్లు తొక్కాక పడుకుంటారు, మనవాళ్లు తొక్కాక పనికి వెళ్తారు. నా ప్రణాళికలో దీనికి మొదటి గడి ఉండాల్సింది, నేను పదో వారంలో తెలుసుకున్నాను.

పద్నాలుగో వారం పరీక్షలు. త్రెషోల్డ్ 255 నుంచి 261. ఐదు నిమిషాలకు 331, నిమిషానికి 492, ఐదు సెకన్లకు 985. పదిహేను సెకన్ల పరీక్షలో మొదటిది 690, పన్నెండోది 610. పడిపోయింది 12 శాతమే. త్రెషోల్డ్ ఒక్కటే చూసేవారికి పద్నాలుగు వారాల్లో ఆరు వాట్లు వచ్చినట్టు. చక్రం పట్టుకోవలసినవాడికి 27 శాతం 12 కావడం వేరే మనిషి కావడమే.

జూన్ మొదట్లో అదే దారిలో మళ్లీ రేసు. 42 కిలోమీటర్లు, 58 నిమిషాలు, అతను ముందు గుంపుతోనే చివరిదాకా వచ్చాడు. సగటు 221 వాట్లు, ఫిబ్రవరి కన్నా ఏడు వాట్లు ఎక్కువ, అంతే. మలుపులు 60, 500 వాట్లు దాటినవి 71. మలుపుకు రెండున్నది ఒకటికి దగ్గరగా వచ్చింది, ఆ రెండో దెబ్బ దాదాపు మాయమైంది. మలుపు నుంచి బయటికి వచ్చే వేగం 33, గేరు వెనక 16 పళ్లు, కాళ్లు 79 చుట్లు. ఎక్కువసేపు మొదటి పదిమందిలోనే ఉన్నాడు, రబ్బరు చివరకు పోలేదు.

ఇందులో శిక్షణకు చెందనివీ ఉన్నాయి. అతని బరువు ఒక కిలో తగ్గింది. జూన్ గాలి వేడి కాబట్టి ఫిబ్రవరి గాలికన్నా మూడు నాలుగు శాతం పలచన, 45 వేగంలో అది పది పన్నెండు వాట్లకు సమానం. కానీ ఆ సౌలభ్యం గుంపులో అందరికీ దక్కింది. గుంపు వేగం రెండుసార్లూ దాదాపు ఒకటే. అందుకే నేను వేగాన్ని కాక, ఆ 64నూ 71నూ లెక్కలోకి తీసుకుంటున్నాను.

స్థానం తొమ్మిది. చివరి మలుపు తిరిగేటప్పుడు నాలుగోవాడు. ముగింపు గీతకు 300 మీటర్లు ఉండగానే పక్కకు తీసి లేచాడు. మొదటి 11 సెకన్లలో 54 కిలోమీటర్ల వేగం దాకా వెళ్లి, మిగతా పది సెకన్లలో 47కు పడ్డాడు, ఐదుగురు దాటిపోయారు. వీడియోలో తల పైకెత్తి, ఛాతీ గాలికి అప్పగించి తొక్కుతున్నాడు. 2024లో టూర్ ద ఫ్రాన్స్‌లో 35వ స్టేజి గెలిచి రికార్డు నెలకొల్పిన మార్క్ కావెండిష్ గడ్డం దాదాపు హ్యాండిల్‌కు తగిలేలా వంగేవాడు, ముందు చక్రం మీదికి ఒదిగి. ఆ వంపులో స్థిరంగా తొక్కడం నడుము బలం అడుగుతుంది, అది ఇతనికి ఇంకా లేదు.

వానలు మొదలయ్యాయి, వెంచర్ రోడ్డు మీద నాచు పట్టింది. ఆగస్టు దాకా మోటారు లేదు. డాబా మీద రేకు వేయించారు, దాని కింద ట్రైనర్. వారానికి రెండుసార్లు నడుము వ్యాయామాలు, ఒకసారి వంగిన భంగిమలో పన్నెండు సెకన్ల దూకుళ్లు. మామయ్య మొన్న పాలు దింపి వెళ్తూ గొట్టం విప్పి ఇంట్లో పెట్టానని, రోడ్డు ఆరగానే కబురు చేయమని చెప్పాడు. ఈసారి చివరి చుట్టులో 200 మీటర్ల దగ్గర కొత్త సుద్ద గీత గీస్తాను. దానికి ముందు బండి వెనక నుంచి పక్కకు రాకూడదు.